రాతి మీద పదకొండు మంది

పదకొండు. సరిగ్గా పదకొండు. ఆ రాయి వైపు చూడకూడదనుకుంటూనే ఇందాకటి నుంచీ అటే చూస్తున్నాను. దాని మీద కప్పిన తెల్ల దుప్పటి మూల గాలికి లేస్తుంటే బ్యాండు వాళ్ళలో ఎవరో వెళ్ళి ఆ మూల మీద ఇటుక పెట్టి వచ్చారు. ఇప్పుడు రెండు గంటల పది నిమిషాలు. మూడింటికి ప్రెసిడెంట్ గారు దుప్పటి లాగుతారు. అప్పుడు క్లబ్బు కార్యదర్శి అన్సెల్మ్ కారెట్, అంటే నేను, యుద్ధంలో పోయిన మా ఆటగాళ్ళ పేర్లు ఒక్కొక్కటే పిలవాలి. పిలిచిన ప్రతి పేరుకీ ఇప్పటి కెప్టెన్ రెమి "ఫ్రాన్స్ కోసం చనిపోయాడు" అని బదులు చెప్పాలి. యుద్ధం అయిపోయి మూడేళ్ళయింది, ఊరూరా ఇదే పద్ధతి, చర్చి ముందయినా బడి ముందయినా ఇలాగే పిలుస్తారు, ఇలాగే పలుకుతారు. ప్రెసిడెంట్ గారు టైపు చేయించి ఇచ్చిన కాగితం నా కోటు జేబులో ఉంది. అందులో పదకొండు పేర్లు. పన్నెండో పేరు అందులో లేదు. ఫిర్మిన్ లెప్లా. మా సెంటర్ ఫార్వర్డ్.

పేరు వదిలేశారన్నది ఒక ఎత్తు, వదిలేసి సంతోషించడం ఒక ఎత్తు. జాబితా చేతికి రాగానే ప్రెసిడెంట్ వాన్‌హూట్ గారి మొహం వెలిగిపోయింది. "పదకొండు మందేనటోయ్ అన్సెల్మ్! చూశావా, నిండు జట్టు! దేవుడే ఏరి కూర్చినట్టుంది" అన్నాడు. అన్నాడా, అక్కడితో ఊరుకున్నాడా? లీల్ నుంచి శిల్పిని పిలిపించి పేర్లను మైదానంలో నిలబెట్టినట్టు చెక్కించాడు. పైన గోల్‌కీపరు, కింద ఇద్దరు బ్యాకులు, ఆ కింద ముగ్గురు హాఫ్‌లు, అడుగున వరసగా అయిదుగురు ఫార్వర్డ్‌లు. ఎంత ముచ్చట! చచ్చిపోయినవాళ్ళలో నిజానికి బ్యాకులు నలుగురు, హాఫ్ ఒక్కడే, అదెవరికి కావాలి? హాఫ్‌లు చాలకపోతే బ్యాకుల్ని ముందుకు జరిపారు. సెంటర్ ఫార్వర్డ్ స్థానంలో ఎవరిని పెట్టారంటే, కోశాధికారి మేనల్లుడు ఎడ్గార్‌ని. ఎడ్గార్ మా చొక్కా వేసుకున్నది నాలుగే నాలుగుసార్లు, అందులో రెండుసార్లు వానకి మ్యాచి ఆగిపోయింది. పాపం, వాడిని అనకూడదు, వాడూ పిల్లాడే, వాడి ప్రాణం మాత్రం ప్రాణం కాదా, బతికుంటే ఆ చోట తన పేరు చూసి వాడే సిగ్గుపడేవాడు. కానీ ఆ చోటు ఫిర్మిన్‌ది. నాలుగేళ్ళు ఎండలో, బురదలో, మంచులో ఆ చోట నిలబడి ముప్ఫై ఏడు గోల్స్ కొట్టిన వాడిది. అంతకు ముందు అది నాది. కాబట్టి ఎడ్గార్ నా నెత్తిన కూడా కూర్చున్నట్టే, ఆ మాట కూడా ఎవరికీ తట్టలేదు.

మంగళవారం నాడు వాన్‌హూట్ గారి ఊలు మిల్లు ఆఫీసుకు వెళ్ళి అడిగాను. టోపీ చేతిలో పట్టుకుని, ఇరవై మూడేళ్ళుగా ఈ క్లబ్బుకి నెత్తురు ధారపోసిన వాణ్ణి, గుమాస్తాలా నిలబడి అడిగాను.

"ఫిర్మిన్ పేరు లేదండీ."

"ఎక్కడ లేదూ?"

"రాతి మీద."

"రాతి మీద లేదంటే రిజిస్టర్లో లేదన్నమాట. మేం రిజిస్టర్ చూసే చెక్కించాం. యుద్ధం మొదలైన రోజుకి సభ్యులెవరో వాళ్ళే. రిజిస్టర్ నీదేగా? నీ చేతి రాతేగా?" అంటూ ముక్కుపొడుం పీల్చి, రుమాలుతో మీసాలు తుడుచుకుని, నా మొహంలోకి చూసి మెల్లగా అన్నాడు: "నియమం నియమమే కదటోయ్."

ఒళ్ళు మండిపోయింది. ఇప్పటికీ మండుతూనే ఉంది. నియమమట! ఆ నియమం ఇప్పుడు ఎక్కడుంది? చచ్చి రెండేళ్ళయింది. అప్పట్లో ఈ దేశంలో ఫుట్‌బాల్‌కి ఇద్దరు ముగ్గురు యజమానులు. మాలాంటి క్లబ్బులది ఒక సమాఖ్య, చర్చి పిల్లల జట్లది ఇంకో సమాఖ్య. ఇందులో లైసెన్సు ఉన్నవాడు అందులో బంతి ముట్టుకుంటే మైల పడ్డట్టే, పేరు కొట్టేయాల్సిందే, లేకపోతే క్లబ్బుకే శిక్ష. అందరమూ ఒకే బంతిని తన్నేవాళ్ళం, ఒకే బురదలో పడేవాళ్ళం, వాళ్ళు ప్రార్థన చేసి తన్నేవాళ్ళు, మేం బీరు తాగి తన్నేవాళ్ళం, అంతే తేడా. యుద్ధం అయ్యాక అందరూ కలిసిపోయారు, ఒకే సమాఖ్య, ఒకే లైసెన్సు, కౌగిలింతలు, విందులు. ఈరోజు రాయి తెర తీశాక జరిగే స్నేహపూర్వక మ్యాచి ఎవరితో? అదే చర్చి జట్టుతో! అదుగో మైదానానికి అవతలి వైపు నీలం చొక్కాలు వేసుకుని వరసగా నిలబడ్డారు, ముందు వాళ్ళ ఫాదర్ ఓమెర్, నల్లటి అంగీ అంచు బురదలో ఈడుస్తూ. వాళ్ళకి మేం పూలగుత్తి ఇస్తామట. వాళ్ళ తరఫున ఒక్క మ్యాచి ఆడినందుకు ఫిర్మిన్ పేరు మాత్రం ఉండకూడదట. ఇది ఏ లోకపు న్యాయం?

పొగమంచు నది మీద నుంచి లేచి గోలుపోస్టుల దాకా వచ్చింది. గోలుపోస్టులు! ఇప్పుడు చక్కటి తెల్ల రంగు, వెనక వల. మేం మొదలుపెట్టినప్పుడు అడ్డకర్ర కూడా లేదు, రెండు గుంజలకి మధ్య తాడు కట్టేవాళ్ళం, బంతి తాడు పైనుంచి పోయిందా కింద నుంచి పోయిందా అని ఆట కంటే ఎక్కువసేపు తగువు. ఇది అప్పట్లో బీటుదుంపల చేను పక్కన ఆవులు మేసే బీడు. ఊలు కొనడానికి వచ్చిన ఇంగ్లీషువాడు ఒకడు బంతి తెచ్చాడు, వాడు పోయాడు, బంతి మిగిలింది. మా అమ్మ పాత కర్టెను చింపి కుట్టిన లాగు వేసుకుని, బీరు దుకాణం వెనక గదిలో బట్టలు మార్చుకుని, పంపు కింద చన్నీళ్ళతో కాళ్ళు కడుక్కుని ఇంటికి పోయేవాణ్ణి. పెద్దమనుషుల పిల్లలు పొట్టి లాగులు వేసుకుని పరిగెత్తుతున్నారని ఊరంతా నవ్వేది. మా నాన్న మందుల దుకాణం నడిపేవాడు, పరువు గల మనిషి, తెలిస్తే చంపేవాడు. అందుకని పత్రికలో నా పేరు థాంప్సన్. అప్పుడందరమూ అంతే, సగం జట్టుకి దొంగ పేర్లు, బ్యాంకులో పనిచేసేవాడు ఒకడు, బళ్ళో పాఠాలు చెప్పేవాడు ఒకడు, పై అధికారుల కంట పడకుండా ఇంగ్లీషు పేర్లు తగిలించుకునేవాళ్ళం, పైగా గొప్పగా కూడా ఉండేది. సోమవారం పొద్దున చికోరీ కాఫీ తాగుతూ నాన్న పత్రిక చదివి "ఈ థాంప్సన్ ఎవడో గానీ గట్టివాడేరా, నిన్న మూడు గోల్స్ కొట్టాడట. వాణ్ణి చూసి నేర్చుకో, ఎప్పుడూ అలా కుంటుతూ తిరుగుతావు" అన్నాడు. నవ్వు ఆపుకోలేక కాఫీ ముక్కులోకి పోయింది. ఏడేళ్ళు ఆడాను థాంప్సన్‌గా. ఒక్కరూ వేలెత్తి చూపలేదు. ఒక్క సమాఖ్యా నా పేరు కొట్టేయలేదు.

మరి ఫిర్మిన్ చేసిన నేరం? వాడూ ఒక్క ఆదివారం వేరే పేరుతో ఆడాడు, అంతే. నేత పనివాడి కొడుకు, మొదట బంతి తన్నింది ఫాదర్ ఓమెర్ చర్చి పెరట్లోనే. ఆయన జట్టులో ఒకడికి గవదబిళ్ళలు లేచి ఆడేవాళ్ళు తక్కువైతే "ఒక్క మ్యాచికి రారా" అని పిలిచాడు, వెళ్ళాడు. ఆ గవదబిళ్ళలవాడి పేరుతోనే ఆడాడు. పెద్దల మాట కాదనలేని పిల్లాడు. నన్ను చూస్తే టోపీ తీసేవాడు. పందొమ్మిది వందల పదిలో నా మోకాలు విరిగినప్పుడు నా చోటికి వాడు వచ్చాడు, పద్దెనిమిదేళ్ళు, బక్కగా, చెవులు డొప్పల్లాగా. మొదటి మ్యాచికి ముందు బీరు దుకాణం వెనక గదిలో నా దగ్గరికి వచ్చి "మీ చొక్కా నేను వేసుకోవచ్చాండీ, అన్సెల్మ్ గారూ?" అని అడిగాడు. వేసుకోరా అన్నాను. మోకాలికి కట్టు ఉంది, కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, నొప్పికి అనుకున్నాడు వాడు. తరవాత నేను కార్యదర్శినయ్యాను. సున్నంతో గీతలు గీయడం, రిఫరీకి రైలు వేళలు చూసి పెట్టడం, వలలు అల్లించడం, లైసెన్సులకి ఉత్తరాలు రాయడం. ఆడేవాడికి చప్పట్లు, రాసేవాడికి సిరా మరకలు. అయినా నాకు ఆ పని నచ్చింది. గీత తిన్నగా ఉంటే నచ్చేది, రిజిస్టర్లో పేరు అందంగా ఉంటే నచ్చేది.

ఆ రిజిస్టర్. అది ఈరోజు ఉందంటే నా వల్ల ఉంది. మోకాలు చూసి సైన్యం వద్దంది, జర్మన్లు వచ్చారు, నాలుగేళ్ళు వాళ్ళ కింద ఉన్నాం. ఇత్తడి గుబ్బలు పట్టుకుపోయారు, పరుపుల్లోంచి ఊలు లాక్కుపోయారు, వార్తలు మోస్తాయని ఊళ్ళో పావురాలన్నీ చంపించారు, పొరుగింటి ముసలాయన పంజరాల ముందు కూర్చుని పసిపిల్లాడిలా ఏడ్చాడు. నేను మాత్రం క్లబ్బు రిజిస్టర్‌ని మైనపు గుడ్డలో చుట్టి బట్టలుతికే కొట్టులో నేల పలకల కింద పాతిపెట్టాను. దొరికితే జైలే. రుటబాగా దుంపలు తింటూ, దంతాలు ఊడిపోతున్నా, నెలకోసారి తీసి తడి తగిలిందేమోనని చూసుకునేవాణ్ణి. జర్మన్లు పోయాక దాన్ని బయటికి తీస్తే వాన్‌హూట్ గారు నన్ను కావలించుకుని "నువ్వు క్లబ్బు ప్రాణం కాపాడావోయ్" అన్నాడు. కాపాడాను. ఒక్క అక్షరం చెదరలేదు. నలభై ఒకటో పేజీలో ఫిర్మిన్ పేరు మీది ఆ ఎర్ర గీత కూడా చెదరలేదు.

రెండూ నలభై. జనం నిండారు. మిల్లు ఆడవాళ్ళు తాడుకి అవతల నిలబడ్డారు, అక్కడ టిక్కెట్టు అక్కర్లేదు. వాళ్ళల్లో ఆ బూడిద రంగు శాలువా జెలీది, ఫిర్మిన్ అక్క. రాదనుకున్నాను. గురువారం మా ఇంటికి వచ్చింది, వడుకు మిల్లు నుంచి నేరుగా, జుట్టులో ఇంకా ఊలు నూగు. కూర్చోమంటే కూర్చోలేదు. ఫిర్మిన్ పేరు కోసం బతిమాలడానికి వచ్చిందనుకుని నేనే మొదలుపెట్టాను, కమిటీ వాళ్ళని తిట్టాను, వాన్‌హూట్‌ని తిట్టాను, ఆ శిల్పిని కూడా తిట్టాను.

"రాయి సంగతి తరవాత చూద్దురుగాని. వాడి ఉత్తరాలు బెతూన్‌లో మా పిన్ని దగ్గర ఉన్నాయి, జర్మన్లున్నన్నాళ్ళూ ఇటు ఉత్తరాలు రాలేదుగా. మొన్న అన్నీ తెచ్చుకున్నాను" అంది. "ఒకదాంట్లో ఏం రాశాడో తెలుసా? 'అన్సెల్మ్ గారు నా వైపు గట్టిగానే మాట్లాడి ఉంటారక్కా, కమిటీ వాళ్ళు వినుండరు. తిరిగొచ్చాక ఆయన్నే అడిగి మళ్ళీ చేరతాను' అని. ఆ తరవాత పదకొండు రోజులకి పోయాడు. అందుకని అడుగుతున్నాను. గీత గీయించింది ఎవరండీ?"

నేనేం చెప్పాను? "కమిటీ" అన్నాను.

ఆవిడ నన్ను చూసింది. తలూపింది. శాలువా సర్దుకుని వెళ్ళిపోయింది. నమ్మిందో లేదో తెలియలేదు. అప్పటి నుంచీ మూడు రాత్రులు కమిటీని తిట్టుకుంటూ దొర్లాను. ఇందాకటి నుంచీ కూడా అదే పని. కానీ కమిటీ ఏం చేసిందని? నా కడుపులో మంట నిజమే, దాని మొహం ఎటు తిప్పాలో అదే నాకు చేతకావటం లేదు. ఆ ఆదివారం చర్చి జట్టు మైదానం పక్క నుంచి నడిచి వెళ్ళింది కమిటీ కాదు, నేను. కంచె పక్కన ఆగి, గవదబిళ్ళలవాడి పేరుతో ఆడుతున్నవాడు ఎడమ కాలి మీద గిర్రున తిరగడం చూసి గుర్తుపట్టింది నేను. ఊళ్ళో ఇంకెవరికీ తెలియదు. చూడనట్టు నడిచిపోతే అయిపోయేది. బుధవారం సమావేశంలో లేచి చెప్పింది నేను. వాన్‌హూట్ గారే అన్నాడు, అవును, ఆయనే, ఈ మీసాల ఆయనే, "పోనీ వదిలేద్దాం అన్సెల్మ్, సీజను అయిపోవచ్చింది, కుర్రాడు మంచివాడు" అని. నేను ఒప్పుకోలేదు. లేచి నిలబడి, బల్ల మీద చెయ్యి పెట్టి, "నియమం నియమమేనండీ" అన్నాను. ఏడేళ్ళు థాంప్సన్‌గా తిరిగిన వాణ్ణి! మంగళవారం ఆయన నా మొహాన కొట్టింది నా మాటే. ఎర్ర సిరా తెచ్చి, రూళ్ళకర్ర పెట్టి, తిన్నగా గీశాను, సిరా ఆరేదాకా ఊదాను కూడా. నా చొక్కా వేసుకుని వాడు గోల్స్ కొడుతుంటే పక్కన సున్నం డబ్బా పట్టుకుని నిలబడ్డ నాలుగేళ్ళు ఆ గీతలో లేవని ఎలా చెప్పను? కొంచెం ఉన్నాయి. కొంచెం కాదు. వాడు తరవాత మా గుమ్మం దాకా వచ్చాడు, టోపీ తీసి నిలబడ్డాడు, నేను లోపల ఉండి లేనని చెప్పించాను. ఆగస్టులో రైలెక్కాడు. మరుసటేడు అర్తువా గుట్టల దగ్గర పోయాడు, నేను తన వైపు మాట్లాడాననుకుంటూ.

బ్యాండు మొదలైంది. వాన్‌హూట్ గారు ప్రసంగం చదువుతున్నాడు. "అమరులైన మన పదకొండు మంది" అంటున్నాడు, "పై లోకంలోనూ ఆడుతూనే ఉంటారు" అంటున్నాడు, ముందు వరసలో ఎవరో రుమాలు తీశారు. ఛీ. ఆడతారట. గ్యాసు పీల్చి చచ్చినవాణ్ణీ టైఫాయిడుతో చచ్చినవాణ్ణీ పట్టుకొచ్చి బంతాట ఆడిస్తాడట. దుప్పటి లాగాడు, ఇటుక దొర్లింది, బంగారు అక్షరాలు మెరిశాయి, జనం "ఆహా" అన్నారు. నా వంతు వచ్చి వేదిక ఎక్కాను. కాగితం తీశాను. గోల్‌కీపరు పేరు పిలిచాను, రెమి పలికాడు. బ్యాకులు, రెమి పలికాడు. ఒక్కో పేరుకీ జనంలో ఒక్కో తల వంగుతోంది, ఒక్కో తల్లి, ఒక్కో భార్య, ఏ తల ఎవరిదో నాకు తెలుసు. ఎడ్గార్ పేరుని కూడా మిగతా వాటిలాగే నిదానంగా, గౌరవంగా పిలిచాను. పదకొండూ అయిపోయాయి. బ్యాండు మాస్టారు కర్ర ఎత్తాడు. కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను.

"ఫిర్మిన్ లెప్లా" అన్నాను. "సెంటర్ ఫార్వర్డ్."

రెమి నోరు తెరిచి, ప్రెసిడెంట్ వైపు చూసి, మూసుకున్నాడు. మా ఎర్ర చొక్కాలలో ఒక్కడూ మెదలలేదు, వాళ్ళలో సగం మంది ఆ పేరు వినను కూడా లేదు. "ఏమిటోయ్ ఇది, చాలు, దిగు" అని వాన్‌హూట్ గారు పళ్ళ మధ్య నుంచి అన్నాడు. బ్యాండు కర్ర గాల్లోనే ఆగింది. నేను దిగలేదు. మైదానానికి అవతలి నుంచి, మంచులోంచి, ఫాదర్ ఓమెర్ ముసలి గొంతు వచ్చింది, "ఫ్రాన్స్ కోసం చనిపోయాడు" అని, ఆ వెంటనే ఆయన నీలం చొక్కాల పిల్లలందరూ ఒక్కసారిగా, ఆ మైదానం దద్దరిల్లేలా. మా క్లబ్బు వాడికి మావాళ్ళు కాదు పలికింది, ఎవరితో ఆడాడని వాడి పేరు కొట్టేశానో వాళ్ళు పలికారు. దిగిపోతే సరిపోయేది, పేరు పలికించిన మంచి కార్యదర్శినని ఇంటికి పోవచ్చు, రేపు పత్రికలో కూడా వేస్తారేమో. తాడు అవతల జెలీ కదలకుండా నన్నే చూస్తోంది.

"ఆ పేరు రాతి మీద లేదు, ఎందుకంటే రిజిస్టర్లో దాని మీద గీత ఉంది," అన్నాను. "ఆ గీత కమిటీ గీయలేదు. కమిటీ వద్దంది. వాణ్ణి చూసింది నేను, పట్టించింది నేను, గీసింది నేను. గురువారం అడిగితే అబద్ధం చెప్పాను."

గొంతు చివర్లో సన్నబడిపోయింది. జెలీ తాడు కింద నుంచి వంగి ఇవతలికి వచ్చింది, చెక్క బూట్లతో గడ్డి మీద నాలుగడుగులు వేసి, నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది.

"మళ్ళీ చెప్పండి," అంది. "వెనకాల వాళ్ళకి వినపడలేదు."

మళ్ళీ చెప్పాను.